చక్రం ఆగిన చోటు

మా అత్త సుశీలమ్మ ఒక మాట అన్నదంటే ఇక దానికి తిరుగులేదు. నా బండి అమ్మేయాలన్నది. జమ్మలమడుగులో ఉన్న తన తమ్ముడి కొడుక్కి కబురు కూడా పెట్టింది. ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి తోలుకుపోతాడట.

కింద పడ్డదాన్ని నేనే కాబట్టి ఎదురు చెప్పే మొహం లేకపోయింది. లింగాల చుట్టుపక్కల గొర్రెల మందలకు టీకాలు వేయడం నా ఉద్యోగం. ఆ రోజు ఈశ్వర్ అనే కాపరి గొర్రెల దొడ్డి వైపు నేను పోతుంటే, దిగుడులో బండి వేగం అందుకోగానే హ్యాండిల్ గజగజ వణికింది. టీకాల పెట్టె ఒకవైపు, నేను ఒకవైపు. మోకాళ్లు మానాయి గానీ భయం మానలేదు. అయినా బండి పోతే నా పని పోయినట్టే. మందలు బస్టాపుల దగ్గర మేయవు కదా. నన్ను ఆఫీసులో కూర్చోబెడతారు. కూర్చోబెడితే వారం తిరక్కముందే ఎవరితోనో పోట్లాడతాను, నా సంగతి నాకు తెలుసు.

మా ఆయన పాల్ రాజు పులివెందులలో కిటికీల గ్రిల్లులు చేస్తాడు. మాట తక్కువ మనిషి. మెకానిక్ చూసి ముందు చక్రంలో ఒకవైపు బరువెక్కువుందన్నాడు. దాన్ని ప్రొద్దుటూరు తీసుకుపోతే, బరువు సరిచేసే మా మిషను కార్ల చక్రాలకే అని అక్కడివాళ్లు తిప్పి పంపారు. ఈయన వాళ్ల దగ్గర అంటించే సీసం ముక్కలు మాత్రం కొనుక్కుని వచ్చి, చక్రం బరువు చూసే స్టాండు తానే చేస్తానన్నాడు.

చేశాడు కూడా. గ్రిల్లుల్లో మిగిలిన కడ్డీలతో రెండు కాళ్లు నిలబెట్టి, ఒక్కో కాలి మీద రెండేసి బేరింగులు బిగించాడు. అవి పాడైన సీలింగు ఫ్యాన్లలోంచి తీసినవి. చక్రంలో దూర్చిన ఇరుసు ఆ బేరింగుల మీద ఆనుతుంది. మెల్లగా తిప్పి వదిలితే బరువైన వైపు కిందికొచ్చి ఆగుతుంది. అక్కడ సుద్దతో గీత గీసి, దానికి ఎదురువైపు సీసం ముక్క అంటించాలి. ఎక్కడ వదిలితే అక్కడే నిలిచిందంటే చక్రం బాగుపడ్డట్టు.

కానీ మా చక్రం మొండిది. సాయంత్రం సరిపోయిందనుకున్నది తెల్లారేసరికి ఇంకోచోట బరువెక్కేది. ఆయన ముక్కలు పీకి మళ్లీ అంటించేవాడు. బేరింగులు కడిగాడు, ఇరుసు మార్చాడు, స్టాండు కాళ్లు కోసి మళ్లీ అతికాడు. టైరు నిండా సుద్దగీతలే. అత్త వసారాలోంచి చూస్తూ, ముగ్గు బాగా కుదిరింది, రంగులు కూడా వెయ్యమంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

శనివారం ఆయన టీ తాగడానికి లోపలికి పోయినప్పుడు నేనే ఆ చక్రం ముందు కూర్చున్నాను. ఒక్కసారి గట్టిగా తిప్పి చేత్తో ఆపాను. చక్రం ఆగింది గానీ లోపల ఏదో ఆగలేదు. చెవి ఆనించి విన్నాను. కడుపుబ్బిన గొర్రె డొక్కలోలాగా గుడగుడమంది. అప్పుడు అర్థమైంది. గాలి పోకుండా టైరులో పోసే పంచరు మందు అది. రాత్రంతా కదలకుండా ఉంటే ఆ చిక్కటి మందు అడుగుకు చేరి, ఆ వైపే బరువు చూపిస్తోంది. ఒక సీసా అయితే ఇంత చప్పుడుండదు. పైగా నేనెప్పుడూ పోయించలేదు.

ఆయన బయటికి రాగానే అడిగాను. "మందు ఎన్నిసార్లు పోసినావు మామా?"

గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూడలేదు.

"నువ్వు మందల కాడికి పోతాండావని తెలిసినప్పుడల్లా," అన్నాడు. "దొడ్ల చుట్టూ అంతా కంపముండ్లే గదా. ఆ పొద్దు సింహాద్రిపురం దోవలో పంచరై మాపటేళ దాకా ఒక్కదానివే నిలబడితివి. మళ్లా అట్ల కాకూడదని పోసినా."

టైరు విప్పితే పచ్చటి మందు చెంబెడు కారి వాకిలంతా పారింది. ఆయన దాన్నే చూస్తూ, నిన్ను పడేసింది నేనే అన్నాడు. మామూలుగా అయితే నా నోటికి ఆ రోజు పండగే. ఎందుకో తిట్టు ఒక్కటీ రాలేదు. ఆయన మీద శానా ప్రేమ పుట్టింది. చీపురు తెచ్చి కడగడం మొదలుపెట్టాను.

చక్రం తుడిచి, టైరు బిగించి, స్టాండెక్కించాం. ఒకే ఒక్క సీసం ముక్క పట్టింది. ఆ తర్వాత ఎక్కడ వదిలితే అక్కడే నిలిచింది, పొద్దున చూసినా అంతే. జమ్మలమడుగు అబ్బాయి వచ్చి కోడికూర తిని ఉత్త చేతులతో వెళ్లాడు. అత్త నాతో మాట్లాడలేదు గానీ, సోమవారం టీకాల పెట్టెను తనే బండికి కట్టింది.

ఆ దిగుడు రాగానే పళ్లు బిగించి వేగం పెంచాను. హ్యాండిల్ కదల్లేదు. ఈశ్వర్ దొడ్డి దాకా అట్లాగే పోయాను.

టీకాలన్నీ వేసి వచ్చి చూస్తే ముందు టైరు నేలకు అతుక్కుపోయి ఉంది. ఇంత పొడుగు కంపముల్లు. ఫోను చేసి, పంచరైందని చెప్పాను.

ఆయన అది వినిపించుకోలేదు. "దిగుట్లో వణికెనా?" అన్నాడు.

"లేదు మామా."

అవతల ఏదో పనిముట్టు కింద పెట్టిన చప్పుడైంది.

"ఆడనే ఉండు," అన్నాడు. "వస్తాండా."