ఐదో సరే

చివరి సందుకు నీళ్లు అందక ఆరు రోజులైంది. పంపులు నడిపే వేళలు మారాక అక్కడిదాకా ఒత్తిడి చాలడం లేదు. పై వీధి వాల్వు అర చుట్టు బిగిస్తే చాలు, అందుతాయి. ఆ సంగతి వాల్వులు తిప్పేవాడికి తెలుసు. సందులో రెండో ఇల్లు వాళ్ల అక్కదే. బావ మంచం పట్టి ఏడాదైంది, రోజుకు నాలుగు దుప్పట్లు ఉతకాలి. తమ్ముడి చేతిలో వాల్వు తిప్పే తాళం ఉంది గానీ, సొంతంగా తిప్పే అధికారం లేదు.

ఒకప్పుడు అంతా పెద్దింజనీరు చేతిలో ఉండేది. నోటి దురుసు మనిషి, చిన్న పనికి వారం తిప్పించుకునేవాడు. ఆయన కుర్చీ తీసేసి ఆ పెత్తనాన్ని ఐదు చోట్లకు పంచారు: నీళ్ల ఆఫీసు, పంపుల కంపెనీ, రోడ్ల విభాగం, ఇళ్లవాళ్ల సంఘం, ఒక సేవాసంస్థ. అందరూ ఒకే ఫోన్ గ్రూపులో ఉంటారు. నీళ్ల పంపకం మారాలంటే ఐదుగురూ సరే అనాలి. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆర్నెల్ల కిందట బడి ముందు పైపు పగిలితే ఒకరు గొయ్యి తవ్వించారు, ఒకరు పైపు తెచ్చారు, ఒకరు ట్యాంకరు పంపారు. మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది.

ఈసారి కూడా నాలుగు సరేలు మొదటి రోజే వచ్చాయి. సేవాసంస్థదే రాలేదు. ఎవర్ని అడిగినా, "మా వైపు నుంచి అయిపోయిందిగా" అన్నారు. ఎవరికి వారే యమునాతీరే.

ఏడో రోజు పొద్దున తమ్ముడే సేవాసంస్థ గది వెతుక్కుంటూ వెళ్లాడు. మెట్లెక్కి చూస్తే అక్కడ కుట్టుమిషన్లు ఉన్నాయి.

"వాళ్లు ఖాళీ చేసి రెండు నెలలైందండీ," అంది దర్జీ, దారం తెంపుతూ.

"గ్రూపులో ఉన్నారే!"

"గ్రూపుకి అద్దె కట్టక్కర్లేదుగా."

అతను తిన్నగా పై వీధికి వెళ్లి, గుంత మూత లేపి, అర చుట్టు తిప్పాడు. అక్క ఇంటికి చేరేసరికి ఆమె కొళాయి కింద బకెట్టు పెట్టుకుని నిలబడి ఉంది.

"వచ్చాయా అక్కా?"

"వచ్చాయి. ఒప్పుకున్నారా అందరూ?"

"లేదు. నేనే తిప్పేశాను."

బకెట్టు నిండింది. ఆమె ఇంకోటి పెట్టింది.

"ఆ పని మొదటి రోజే చెయ్యలేకపోయావురా?"

"ఉద్యోగం పోతుందని..."

"ఇప్పుడు పోదా?"

అతను నిండిన బకెట్టును గుమ్మం దగ్గర పెట్టాడు.

"ఆ పెద్దింజనీరే ఉంటే వాడి గుమ్మం ముందు కూర్చుని దుమ్మెత్తిపోసేదాన్ని. ఈ ఐదుగురి మొహాలు నేనెరగను. నాకు తెలిసిన మొహం నీదొక్కటే. ఆరు రోజులూ నిన్నే తిట్టుకున్నాను."

కోపంగా అనలేదు. బకెట్లు రెండూ ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. రమ్మని మాత్రం అనలేదు.

ఫోను మోగింది. పై వీధిలో ధార సన్నబడిందట, వాల్వు ఎవరు కట్టమన్నారని గ్రూపులో అడుగుతున్నారు. మేము కాదు, మేము కాదు, మేము కాదు. మూడు జవాబులు చకచకా వచ్చాయి. అతను "నేను" అని రాసి పంపాడు. ఆ తరవాత ఎవరూ ఏమీ రాయలేదు.

లోపల దుప్పటి జాడిస్తున్న చప్పుడు. అతనికి దాహం వేసింది. గ్లాసుడు మంచినీళ్లు అడుగుదామనుకుని, అడగలేక, సైకిలు తీశాడు.