ముందు వరసలో పెద్దమనుషులు

ఫోన్లో శిష్యురాలు అక్బొతా తండ్రి పేరు చూడగానే రైహాన్ కీడు శంకించింది. సంగీత పోటీ ఫైనల్ రోజు పొద్దున్నే ఆయన ఫోన్ చేశాడంటే అది మంచి కబురై ఉండదు.

"మా ముసలాయన పోయాడు టీచర్," అన్నాడు జుమబెక్. "పిల్లకి మాత్రం చెప్పొద్దు. పెద్దవాళ్లని వెంటబెట్టుకుని విమానంలో వస్తున్నా. దాని వాయింపు అయ్యాక వాళ్లే కూర్చోబెట్టి చెబుతారు."

తమవాళ్లలో చావు కబురు ఒక్క నోటితో, అందులోనూ ఫోన్లో, చెప్పకూడదు. నలుగురు పెద్దలు కూడి, మనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుని, మెల్లగా గుండెలోకి దించాలి. రైహాన్ తల్లి పోయినప్పుడూ అలాగే చెప్పారు. అందుకే సరేనంది. అంది గానీ, ఆ రోజంతా పిల్ల మొహం చూడలేక నానా అవస్థా పడింది.

అక్బొతాది తాత పెంపకం. తొలి బిడ్డని తాతా నాయనమ్మలకి ఇచ్చెయ్యడం ఆ వైపు మామూలే. సిర్ దర్యా నది ఒడ్డున వాళ్ల ఊళ్లో చెల్లో అనే పెద్ద తీగ వాయిద్యం పేరు విన్నవాడే లేడు. మనవరాలు మొదటిసారి దాన్ని ఇంటికి తెచ్చినప్పుడు సెయిత్‌కలి తాత గోడకున్న తన రెండు తీగల దొంబ్రాకేసీ దానికేసీ ఎగాదిగా చూసి, "నా దొంబ్రా మేత బాగా మేసి ఇంత ఒళ్లు చేసిందే!" అన్నాట్ట. ఈ పోటీకి ఎక్కడెక్కడి దేశాల పిల్లలో వస్తారని, ఫైనల్ టీవీలో ప్రత్యక్షంగా వస్తుందని తెలిశాక, మంచం పట్టిన మనిషి ఒకటే పట్టు పట్టాడు. "నీ వాయింపు వినేదాకా నేనెక్కడికీ పోను."

ప్రతి రౌండుకి ముందూ పిల్ల టీచర్ ఫోన్లోంచి తాతకి వీడియో కాల్ చేసేది. అక్కడ ఆయన అరచేతులు చాచి దీవించి మొహం తుడుచుకునేవాడు. ఇక్కడ పిల్ల కూడా తుడుచుకునేది.

ఆ సాయంత్రం మేకప్ గదిలో అక్బొతా చెయ్యి చాచింది. "ఫోనివ్వండి టీచర్. తాత దీవెన తీసుకోవాలి."

"చార్జింగ్ అయిపోయిందే."

"ఇందాకే పెట్టారుగా?"

"పాడు ఫోను, నిలిచి చావడం లేదు. ఈ పూటకి నేనిస్తాలే."

రైహాన్ అరచేతులు చాచింది. "చల్లగా ఉండు తల్లీ," అని మొహం తుడుచుకుంది, కన్నీళ్లు కూడా ఆ చేత్తోనే. పిల్ల ఒక్క క్షణం ఆమెకేసి చూసింది.

"తాతదైతే ఇంత పొట్టిగా ఉండదు," అంది.

పాపం, పెద్దమనుషులు వెనకెక్కడో చీకట్లో కూర్చుందామనే వచ్చారు. టీవీ వాళ్లు ఊరుకుంటేనా! తెల్లటి గడ్డాలు, టోపీలు, పొడుగు అంగీలు చూసేసరికి వాళ్లకి పండగైంది. "తాతగార్లూ, అక్కడ కాదు, ఇలా రండి," అంటూ తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టారు. కాదంటే మర్యాద కాదని వాళ్లూ కూర్చున్నారు. తెర చాటు నుంచి అది చూసిన రైహాన్ అటు పరిగెత్తబోయింది. వాళ్లని లేపేలోపు పేరు పిలిచేశారు.

అక్బొతా వేదిక మధ్యకి వెళ్లి, వంగి, తలెత్తింది. ఎదురుగా వాళ్ల ఊరి కెంజెబాయ్ తాత, పక్కన ఇంకో ముగ్గురు, చివర్లో నాన్న. గొర్రెలు ఈనే రోజులు, రాలేనన్న నాన్న. అంతమంది పెద్దలు పిలవకుండా కలిసి వచ్చారంటే ఎందుకో ఆ గడ్డన పుట్టిన పసిపిల్లకైనా తెలుసు.

పిల్ల కూర్చుంది. కమాను ఎత్తలేదు. ఆర్కెస్ట్రా నడిపే ఆయన చూస్తున్నాడు. హాలంతా చూస్తోంది.

'వచ్చెయ్ తల్లీ, పోటీ ఏట్లో కలవనీ,' అనుకుంది రైహాన్.

అక్బొతా రెండు అరచేతులూ చాచింది. ఎవరికీ వినపడకుండా ఏదో అనుకుని, మొహం తుడుచుకుని, కమాను ఎత్తింది.

అద్భుతంగా వాయించిందని చెబితే అబద్ధమవుతుంది. మొదట్లోనే శ్రుతి జారింది, రైహాన్ చెవి పట్టేసింది. నెమ్మదిగా సాగే భాగంలో మాత్రం ఆ పిల్ల టీచర్ నేర్పని చోటికి వెళ్లిపోయింది. కెంజెబాయ్ తాత టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కెమెరా సిగ్గులేకుండా ఆయన్నే చూపించింది.

తర్వాత మేకప్ గదిలో పిల్లని మధ్యలో కూర్చోబెట్టారు. తనకేమీ తెలియనట్టే తలొంచుకుని, అంత దూరం మోసుకొచ్చిన మాటని వాళ్ల చేత పూర్తిగా చెప్పించుకుంది. అంతా అయ్యాక తండ్రిని అడిగింది.

"అయితే వినలేదన్నమాట."

"తెల్లవారుజామునే పోయాడమ్మా."

"వింటానన్నాడు. మాట తప్పాడు," అని అప్పుడు బావురుమంది.

బయట మూడో బహుమతికి ఆమె పేరే పిలుస్తున్నారు. గదిలో ఎవరూ కదల్లేదు. రైహాన్ తన ఫోన్ తీసి చేతిలో పెట్టింది. నిండా ఉన్న చార్జింగ్ చూసింది పిల్ల. ఏమీ అనకుండా నాయనమ్మకి కలిపింది.

"విన్నాడే," అంది నాయనమ్మ, అడక్కముందే.

"ఎలా? చావింట్లో టీవీకి గుడ్డ కప్పేస్తారుగా? పాట వినపడకూడదుగా?"

"కప్పిన గుడ్డ నేనే లాగేశా. టీవీని, ఆయన్ని పడుకోబెట్టడానికి వాకిట్లో వేసిన డేరాలోకి మోయించి తలదిక్కున పెట్టించా. ఏడ్చేవాళ్లని నోళ్లు ముయ్యమన్నా. నువ్వు కమాను దించిందాకా ఒక్కత్తి కిక్కురుమంటే ఒట్టు." ముసలమ్మ గొంతు అప్పుడు పగిలింది. "వినేదాకా ఎక్కడికీ పోనన్నాడుగా. నువ్వు వాయించిందాకా ఇక్కడే ఉన్నాడే, పిల్లా."