చింతామణి స్టేషను దాకా

కూతురి నోటి నుంచి ఒక్క మాట రప్పించడానికి భీమసేన పడని పాట్లు లేవు. తల్లి నాగరత్న పోయినప్పటి నుంచి ఎనిమిదేళ్ల శ్రీరంజని నోరు విప్పలేదు. చిక్కబళ్ళాపురంలో డాక్టర్లంతా అయిపోయాక, అటక మీద తాత నాటి రేకు రైలు ఉందని గుర్తొచ్చింది. కీ ఇస్తే కిర్రుమంటూ పరిగెత్తే బొమ్మ. పాత మంచం పలక మీద పట్టాలు పరిచి, కాగితపు గుజ్జుతో నంది కొండ కట్టి, రంపపు పొట్టుకు పచ్చరంగు కలిపి పొలాలు చేశాడు. అగ్గిపెట్టెలే స్టేషన్లు. తల్లీకూతుళ్లు అమ్మమ్మ ఇంటికి పోయే దారే అది: చిక్కబళ్ళాపురం, శిడ్లఘట్ట, చింతామణి.

మొదటిసారి రైలు శిడ్లఘట్ట చేరగానే పాప పెదవులు కదిలాయి. "శిడ్లఘట్ట" అంది. భీమసేన గోడవైపు తిరిగి ఏడ్చాడు. చింతామణి దాకా వేయడానికి పట్టాలు చాలలేదు. అక్కడికి రైలు పోతే ఆ ఊరి పేరు చెబుతుంది, తర్వాత అమ్మా అంటుంది, కరువుతీరా ఏడుస్తుంది, మళ్ళీ మామూలు పిల్ల అవుతుంది. అతని ఆశంతా అంతే.

పాతసామాన్ల అంగళ్లలో వెదికి తెచ్చిన పట్టాలు ఆయుధపూజ నాటికి అమిరాయి. అప్పుడే అతని బుద్ధి గడ్డి తింది. ఇంజనుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల ముందు నిమ్మకాయ ఉంచాడు.

"బొమ్మకు గూడా నిమ్మకాయేందిరా? పాప కాసుకోనుండాది, ఇడిసిపెట్టు" అంది అతని తల్లి అక్కమ్మ.

"దీనికీ చక్రాలుండాయి గదమ్మా. పోయినేడు స్కూటరుకు పూజ చేయకుండా తొందరపడి ఎక్కించుకోని పోతి. ఏమైందో చూస్తివి గదా."

బాగేపల్లి రోడ్డులో లారీ గుద్దింది. వెనక కూర్చున్న నాగరత్న అక్కడికక్కడే పోయింది. ఇద్దరి మధ్య కూర్చున్న పాప ఒంటి మీద గీత కూడా పడలేదు.

సగం కీ ఇచ్చి వదిలాడు. ఇంజను నిమ్మకాయకు గుద్దుకుని నిలిచిపోయింది, చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. కాయ చితకకపోతే అపశకునమని అతని భయం. ఆ పాత స్ప్రింగుకు సగానికి మించి కీ ఇవ్వకూడదని తాత చెప్పేవాడు. తెలిసి తెలిసీ తిప్పాడు, వెర్రివాడు. ఇంకొంచెం. ఇంకొక్క చుట్టు. లోపల టప్పుమంది. కీ వట్టిగా తిరిగింది.

పాప చింతామణి అగ్గిపెట్టెనే చూస్తోంది.

భీమసేన నిమ్మకాయ తీసి అవతల పారేశాడు. ఇంజనును వేలితో తోస్తూ, ఆ కిర్రుమనే చప్పుడు నోటితో చేయడం మొదలుపెట్టాడు. శిడ్లఘట్ట వచ్చింది. పాప పలకలేదు. చింతామణిలో ఆపాడు.

"ఇది యా ఊరమ్మా? చెప్పు నా తల్లీ. యాడికొచ్చినాము?"

పలకలేదు. మళ్ళీ మొదటి నుంచి తోశాడు, ఇంకా గట్టిగా చప్పుడు చేస్తూ. పోనుపోను అది రైలు చప్పుడు పోయి ఏడుపైంది. అయినా ఆపలేదు.

శ్రీరంజని లేచి వచ్చి, చిన్న చేత్తో నాన్న నోరు మూసింది.