గాడిద ఆగే చోటు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. నా భర్త పోయిన చాలా ఏళ్లకు, చర్చి కింది గదిలో, నా మనవరాలి వయసున్న పంతులమ్మ దగ్గర అక్షరాలు దిద్దాను. ఒక్క వాక్యం పూర్తయ్యేలోపు పక్కనున్న కాఫీ చల్లారిపోతుంది. అయినా ఇది ఇంకొకరి చేత రాయించదలచుకోలేదు. ఆయన గురించి ఇంకొకరు రాసినవి చాలానే ఉన్నాయి.

నా భర్త పేరు వార్డెల్ టార్‌ప్లీ. మిసిసిపీలో పత్తి చేల మధ్య పుట్టాడు. చీపురుకు కట్టిన తీగ విప్పి గోడకు మేకులతో బిగించి, సీసా మెడను దాని మీద జారుస్తూ వాయించడం నేర్చాడు. తొమ్మిదో ఏట డాక్టర్ ప్రూయిట్ కంటబడ్డాడు. ప్రూయిట్ డాక్టరేమీ కాదు. ఊరూరా లారీ ఆపి బలం మందు అమ్మేవాడు. మందు కొనడానికి జనం రావాలంటే ముందు పాట ఉండాలి. వార్డెల్‌ను సోడా పెట్టె మీద నిలబెట్టి, చేతికి గిటారిచ్చి, లారీ పక్కన ఎర్ర రంగుతో రాయించాడు: లిటిల్ వార్డెల్, తొమ్మిదేళ్ల వింత బాలుడు.

ఆ తరవాత ఐదేళ్లూ ఆయనకు తొమ్మిదేళ్లే.

ఆయన సొంతంగా కట్టిన పాట ఒకటుంది. దున్నుతూ దున్నుతూ సాలు మధ్యలో మొరాయించే కంచరగాడిద మీద పాట. ప్రతి చరణం చివర గిటారు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆయన మడమతో పెట్టె మీద ఒక్క దెబ్బ వేస్తాడు. గాడిద కాలు నేలలో దిగిపోయిందన్నమాట. అప్పుడు ఏ శబ్దమూ ఉండదు. జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆ తరవాతే గిటారు మళ్లీ కదులుతుంది. గాడిద వెనక నాగలి పట్టిన నల్లవాళ్లందరికీ ఆ ఆగడం ఏమిటో తెలుసు. ఆ చోట నవ్వేవాళ్లు, కొందరు కళ్లు తుడుచుకునేవాళ్లు.

పద్నాలుగో ఏట గొంతు మారింది.

"ఏంట్రా, కప్పను మింగావా?" అన్నాడు ప్రూయిట్.

"పెద్దవాడినవుతున్నానండీ."

"పెద్దవాడెవడికి కావాలిరా? రేపట్నుంచి సీసాలు కడుగు. పాటలు ఆ క్లియోటిస్‌గాడికి నేర్పు."

"మరి నా పేరండీ?"

"పేరు లారీ మీదుంది. లారీ నాది."

అలా క్లియోటిస్ అనే పిల్లవాడు లిటిల్ వార్డెల్ అయ్యాడు. నా భర్త వాడికి ప్రేమగానే నేర్పాడు. వాడు పాటంతా పట్టుకున్నాడు కానీ గాడిద ఆగే చోట మాత్రం ఆగేవాడు కాదు. గబగబా తరవాతి చరణంలోకి దూకేసేవాడు.

"ఆగరా బాబూ, అక్కడే ఉంది పాటంతా."

"ఆగితే జనం వెళ్లిపోతారన్నా! నాకు భయం."

తరవాతి ఏడు ఒక రికార్డుల కంపెనీవాళ్లు హోటలు గదిలో బయటి చప్పుడు రాకుండా పరుపులు గోడలకు నిలబెట్టి, క్లియోటిస్ చేత ఆ పాట రికార్డు చేయించుకున్నారు. రికార్డు మీద లిటిల్ వార్డెల్ అనే వేశారు. ఆ తరవాత రెండేళ్లకు క్లియోటిస్ జ్వరంతో పోయాడు. రికార్డు మాత్రం మిగిలింది.

నేను పెళ్లాడేనాటికి ఆయన షికాగో వచ్చేశాడు. పశువుల కబేళాలో పని. ఆదివారం ప్రార్థనకు నేను వెళితే, ఆయన మాక్స్‌వెల్ వీధి సంతకు గిటారుతో వెళ్లేవాడు. ఆ వీధిలోనే ఉండే మిసెస్ బీస్లీ కిటికీలోంచి కరెంటు తీగ లాగి, పేవ్‌మెంటు మీద వాయించేవాడు. ఆయనకు ఒకటే కోరిక. గాడిద పాటను, ఆగాల్సిన చోట ఆగుతూ, తన పేరు మీద ఒక్కసారి జనం వినాలి. అంతే. నేను పన్నెండు వంటలు చేసిపెట్టినా, పిల్లలు పుట్టినా, ఆ కోరిక పక్కకు జరగలేదు.

ఒక ఆదివారం చేపలమ్మే మనిషి ఆయనను ఆపేశాడు.

"ఏం బ్రదర్, ఈ పాట లిటిల్ వార్డెల్‌ది కదూ?"

"నేనే లిటిల్ వార్డెల్‌ని."

"అబ్బో! అయితే నేను అధ్యక్షుణ్ణి. రికార్డు మా ఇంట్లో ఉందిలే. నువ్వు మధ్యలో తాళం తప్పుతున్నావ్. ఇంటికెళ్లి బాగా వినుకో."

చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఆయన కూడా నవ్వి, తీగ చుట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఆయనకు యాభై వచ్చాక జెరాల్డ్ అనే తెల్లకుర్రాడు మా తలుపు తట్టాడు. కాలేజీలో చదువుతూ పాత రికార్డులు వెతికే మనిషి. నా వంటింట్లో కూర్చుని, ఆకుకూరా మొక్కజొన్న రొట్టే తింటూ, నా భర్తను "సర్" అన్నాడు. తెల్లవాడి నోట ఆ మాట ఆయన వినడం అదే మొదలు.

"సర్, ఆ పాటలో చరణం చివర తాళంలో ఒక దెబ్బ మింగేసి ముందుకు దూకుతారే, అలాంటిది ఇంకెవరూ చేయలేదు. దాని మీద మా స్నేహితుడు పెద్ద వ్యాసం రాశాడు."

ఆయన గిటారు తీసుకుని, తన పద్ధతిలో, ఆగుతూ వాయించాడు. జెరాల్డ్ ముఖం వాడిపోయింది.

"అది... అలా కాదేమో సర్. మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదు బాబూ. రికార్డులో ఉన్నది నేను కాదు. వాడు చిన్నపిల్లాడు, భయపడి దూకేశాడు."

జెరాల్డ్ కంచం పక్కకు జరిపాడు. "సర్, మా పాటల ఉత్సవానికి మేం పిలవాల్సింది రికార్డులో ఉన్న మనిషిని. సారీ." అని చేతి గుడ్డ మడిచి పెట్టాడు.

అతను మెట్లు దిగుతుండగా నా భర్త కిటికీలోంచి కేకేశాడు. "బాబూ! ఊరికే ఆట పట్టించాను. అది నేనే."

నాకు ఒళ్లు మండింది. "ఏం మనిషివి వార్డెల్? చచ్చిన పిల్లాడి వేషం వేస్తావా?"

"నా పేరే కదే ఓజీ. నా పాటే."

"మరి గాడిద?"

"ముందు వాళ్లకు కావలసినట్టు వాయిస్తా. జనం నా చేతిలోకి వచ్చాక, రెండోసారి నా పద్ధతిలో వినిపిస్తా. అప్పుడు కాదనేదెవరు?"

ఆ వేసవంతా మా పెద్దవాడి గ్రామఫోను దగ్గర కూర్చుని, తను నేర్పిన పిల్లవాడి తప్పును తాను నేర్చుకున్నాడు. నేను బట్టలు ఇస్త్రీ చేస్తూ వినేదాన్ని. ఆయన మడమ లేవబోయి గాలిలోనే ఆగిపోయేది.

ఉత్సవం సముద్రం పక్కన మైదానంలో. నాకు మడత కుర్చీ ఇచ్చారు. నా చుట్టూ వేలమంది తెల్లపిల్లలు గడ్డిలో కూర్చున్నారు. ఎలక్ట్రిక్ గిటారు వద్దని, చెక్క గిటారొకటి ఇచ్చారు. మొదట రికార్డులోలాగే వాయించాడు. పిల్లలంతా లేచి నిలబడ్డారు. అన్ని చప్పట్లు నేను చర్చిలో ఏ ప్రసంగానికీ వినలేదు. ఆయన నా వైపు చూసి తల ఊపాడు. అదే పాట మళ్లీ మొదలుపెట్టాడు.

మొదటి చరణం చివర ఆగి, మడమ వేశాడు. గాడిద నిలబడింది.

ఆ నిశ్శబ్దంలోకి ఎవరో జాలిగా చప్పట్లు కొట్టారు. పక్కవాళ్లు అందుకున్నారు. ముసలాయన మర్చిపోయాడు, పాపం, ధైర్యమివ్వాలనుకున్నారు. రెండో చరణం చివర మళ్లీ అదే. "పర్లేదు తాతా!" అని ఒకమ్మాయి అరిచింది. ఒక్క ఆగడం కూడా వినబడనివ్వలేదు వాళ్లు. మూడో చరణానికి జెరాల్డ్ వేదిక మీదికొచ్చి ఆయన భుజం పట్టుకుని, ఎన్నో ఏళ్ల తరవాత వాయిస్తున్నారు, అలిసిపోయారని మైకులో చెప్పాడు. జనం ఇంకా గట్టిగా కొట్టారు.

తిరుగు బస్సులో అన్నాను: "నేను విన్నాను వార్డెల్."

"నువ్వెప్పుడూ వింటావే," అన్నాడు. విసుగుతో కాదు. అది సరిపోదని ఇద్దరికీ తెలుసు.

ఆ తరవాత చాలాచోట్లకు పిలిచారు. అన్నిచోట్లా వాళ్లకు కావలసినట్టే వాయించాడు. ఒక రోజు పొద్దున వంటింట్లో నాకోసం వాయించబోయాడు. చరణం చివరికొచ్చింది. నేను గరిట పట్టుకుని ఎదురుచూశాను. వేళ్లు ఆగలేదు, తరవాతి చరణంలోకి దూకేశాయి. మళ్లీ వాయించాడు. మళ్లీ దూకేశాయి. మడమ ఎత్తడం కూడా ఆయన కాలికి గుర్తురాలేదు. గిటారును మంచం కిందికి నెట్టి పనికి వెళ్లిపోయాడు. పోయేదాకా దాన్ని మళ్లీ ఇంట్లో తీయలేదు.

ఆయన సమాధి రాయి మీద జెరాల్డ్, అతని స్నేహితులు చందా వేసుకుని లిటిల్ వార్డెల్ అని చెక్కించారు. నాకప్పుడు చదవడం రాదు. బాగుందని చెప్పి వచ్చాను.

ఓజెల్లా టార్‌ప్లీ, డెబ్భై ఎనిమిదేళ్లు, షికాగో దక్షిణం వైపు, మా చిన్నమ్మాయి ఇంట్లో.