గుడ్డు పడని మనిషి

మా ఆయనకి గుడ్డు పడదు. ఈ ముక్క చెప్పినన్నిసార్లు నేను నా పేరు కూడా చెప్పుకుని ఉండను. ఏ హోటలుకెళ్లినా కూర్చోకముందే వంటవాణ్ణి బయటికి పిలిపిస్తాను. "ఇందులో గుడ్డు వేశారా? వెయ్యలేదని ఒట్టేసి చెప్పగలరా?" అని నిలదీస్తాను. ఆయన నా వెనకాల నిలబడి గోడకేసి చూస్తుంటారు, పాపం. పెళ్లయిన కొత్తలో ఒకసారి నా కళ్లముందే ముఖం పాలిపోయి, సింకు పట్టుకుని పేగులు బయటికొచ్చేలా కక్కారు. ఆ రోజుతో మా ఇంట్లోకి గుడ్లు రావడం ఆగిపోయింది. నాకేమో గుడ్డంటే ప్రాణం. అయినా మానేశాను. మొగుడి మీద ప్రేమ అనుకోండి, నా మొండితనం అనుకోండి, మీ ఇష్టం.

మా బేకరీ కూడా ఆ పుణ్యమే. గుడ్డు వెయ్యకుండా కేకు పొంగాలంటే ఎన్ని తంటాలు పడాలో చేసినవాళ్లకే తెలుస్తుంది. పెరుగుతో, మాగిన అరటిపండుతో నానా తిప్పలూ పడ్డాక నా చేతికి ఒక పద్ధతి కుదిరింది. ఇప్పుడు వీధిలో ఎవరినడిగినా "గుడ్డులేని కేకులక్క కొట్టా?" అని దారి చూపిస్తారు. ఎదురు వరసలో మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. కేకు ఏది పంపినా "అద్భుతం" అని కబురొస్తుంది. ఆయన దగ్గర ఇంకో మాట లేదు.

ఇన్నేళ్లలో కొట్టు మూసి ఎక్కడికీ వెళ్లింది లేదు. ఓవెన్ సెగకి నిలబడీ నిలబడీ నాకో పిచ్చి కోరిక పట్టుకుంది. ఎక్కడో పెద్ద అడవిలో, పెద్ద జలపాతం కింద, ఒంటికి పట్టిన పిండి దుమ్మంతా వదిలిపోయేలా తడవాలి. ఈ కోరిక ఎంత పాతదంటే, దాని గురించి మాట్లాడటం కూడా మానేశాను. అలాంటిది ఈ ఏడు ఆయనే టికెట్లు కొని తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టారు. ఆ అడవులున్న వేడి దేశానికి, వారం రోజుల ప్రయాణం. ఆ సంతోషంలో ఆ పూట కేకులన్నిటికీ చక్కెర రెండింతలు వేసేశాను. కొన్నవాళ్లు ఒక్కరూ తిట్టలేదు.

ఇక జాగ్రత్తలంటారా, నాకొకరు చెప్పాలా! దోమల క్రీము, పొడుగుచేతుల చొక్కాలు, విరేచనాల మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు అన్నీ సర్దేశాను.

"మనం వెళ్లేది జలపాతానికా, యుద్ధానికా?" అన్నారాయన.

"మీరు మాట్లాడకుండా సంచీ పట్టుకోండి" అన్నాను.

ప్రయాణాలకి వెళ్లేవాళ్లకి టీకాలు వేసే క్లినిక్ ఒక మేడ మీద ఉంది. గోడ నిండా ప్రపంచ పటం, మూల గుర్రుమంటూ టీకాల ఫ్రిజ్. డాక్టరమ్మ వయసు తక్కువే గానీ ఓపిక చాలా ఉంది. కుళాయి నీళ్లు తాగొద్దని, ఐసు వేసుకోవద్దని, పండ్లయితే తొక్క మనమే ఒలుచుకుని తినాలని, కోతులు ముద్దొచ్చినా చెయ్యి చాపొద్దని వరసగా చెప్పింది. మలేరియా మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టాలో, తిరిగొచ్చాక ఎన్నాళ్లు మింగాలో రాసిచ్చింది. టైఫాయిడ్ టీకా గురించి చెప్పింది. చివరికి అసలు సంగతికొచ్చింది.

"ఆ అడవుల్లో దోమల వల్ల ఎల్లో ఫీవర్ వస్తుంది. టీకా వేసుకున్నట్టు కార్డు చూపిస్తే గానీ ఆ దేశంలోకి రానివ్వరు. ఈ టీకా కోడిగుడ్లలో తయారవుతుంది. మీలో ఎవరికైనా గుడ్డు పడదా?"

నేను కుర్చీలోంచి సగం లేచాను. "ఈయనకి అస్సలు పడదమ్మా! వాసన తగిలినా ప్రమాదమే!"

ఆయన నోరు తెరిచారు. నేను ఆగితేగా! సింకు దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"అంత తీవ్రంగా ఉంటే నేను వెయ్యలేనమ్మా. కావాలంటే పెద్దాసుపత్రిలో ముందు చర్మం మీద పరీక్ష చేసి..."

"వద్దమ్మా, ఆ పరీక్షా వద్దు, ఏదీ వద్దు" అన్నాను. "ప్రయాణం మానేస్తాం. జలపాతం ఎక్కడికి పోతుంది? మనిషి ముఖ్యం."

లోపల కలుక్కుమన్న మాట నిజమే. కానీ అక్కడ ఆలోచించడానికి ఏముంది? సంచీ భుజానికి తగిలించుకున్నాను.

ఆయన లేవలేదు. "డాక్టరుగారూ, నేను నిన్న ఆమ్లెట్ తిన్నాను" అన్నారు.

డాక్టరమ్మ కింద పెట్టిన కలం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"నిన్నా?" అంది డాక్టరమ్మ.

"నా గడియారాల కొట్టు పక్క సందులో ఆమ్లెట్ల బండి ఉందండి. వారానికి రెండుమూడుసార్లు తింటాను. చాలా ఏళ్ల నుంచి."

"తిన్నాక దద్దుర్లు గానీ, ఆయాసం గానీ?"

"లేదండీ. ఇంకోటి తిందామనిపిస్తుంది, అంతే."

డాక్టరమ్మ నవ్వాపుకోవడం నేను చూడలేదనుకుంది. మళ్లీ అన్నీ తరచి తరచి అడిగి, భయం లేదని తేల్చుకుని, ఇద్దరికీ టీకా వేయించింది. నాకు సూది దిగడం కూడా తెలియలేదు, అంత మండిపోతున్నాను. కాసేపు కూర్చుని వెళ్లమని నర్సు మమ్మల్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. నేను ఈ చివర, ఆయన ఆ చివర.

"ఎందుకు చెప్పారు అబద్ధం?"

"నువ్వు మొదటిసారి చేసిన కేకు గుర్తుందా?" అన్నారు. "లోపల పచ్చిగుడ్డు ముద్దలు ముద్దలుగా ఉండిపోయింది. తినేశాను గానీ కడుపులో నిలవలేదు. సింకులోంచి తలెత్తేసరికి నువ్వు గుమ్మంలో ఏడుస్తున్నావు. 'మా అక్కలన్నట్టే నా చేతికేదీ రాదు, రేపే ఆ ఓవెన్ అమ్మేయండి' అన్నావు. నీ కేకు బాగానే ఉంది, నాకే గుడ్డు పడదని నోటికొచ్చింది చెప్పేశాను. మర్నాడు పొద్దున్నే గుడ్డు లేకుండా ఇంకోటి మొదలుపెట్టావు."

"తర్వాతైనా చెప్పొచ్చుగా!"

"చెబుదామనుకునేసరికి కొట్టు మీద 'గుడ్డులేని కేకులు' అని బోర్డు రాయించేశావు."

"మరి ఇవాళెందుకు చెప్పారు?"

ఆయన జబ్బ మీద దూది సర్దుకున్నారు. "అంత ఆశపడ్డదానివి, క్షణం కూడా ఆలోచించకుండా వద్దనేశావు. నా అబద్ధం కోసం నువ్వు అదీ వదులుకుంటుంటే నేను చూస్తూ కూర్చోలేకపోయాను."

కోపం పోయిందని చెప్పను. అది ఇంటికెళ్లాక, తీరిగ్గా. కానీ ఈ మనిషంటే నాకెంత ప్రేమో ఆ బెంచీ మీద తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు. జరిగి ఆయన పక్కకి వెళ్లాను.

"ఆ కేకు మరీ అంత ఘోరంగా ఉందా?"

ఆయన తలొంచుకున్నారు. "ఘోరంగా ఉంది."

ఇక ఆపుకోలేకపోయాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఏమైందమ్మా? ఊపిరాడట్లేదా?"

మాట రాక ఒక చేత్తో ఏమీ లేదని చెప్పాను. రెండో చేత్తో ఆయన జబ్బ గట్టిగా పట్టుకున్నాను, టీకా వేసిన చోటే. ఆయన అబ్బా అని కూడా అనలేదు.