తమటెకు చెప్పిన మాట

నా తమ్ముడు రామాంజినప్ప నాకు అన్యాయం చేశాడు. మా ఊరు సాదలిలో ఎవరిని అడిగినా కాదంటారు. వాళ్ళకు వాడంటే ఇష్టం. వాడు నవ్వితే వీధి చివరి దాకా వినబడుతుంది. భజనలో వాడు తాళం పట్టుకుంటే ఊరు ఇళ్ళకు పోదు. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఒకే తల్లి పాలు తాగాం. అంత గట్టి చెవులు వాడికెందుకు వచ్చాయో, ఈ చెవులు నాకెందుకు వచ్చాయో తెలియదు.

నా రోగానికి పేరు లేదు. ముప్పై నాలుగో ఏట ఒక కన్ను మసకబారింది, నెల తర్వాత దానంతట అదే తేరుకుంది. తర్వాత కాళ్ళు. ఒక వారం దూది మీద నడిచినట్టు ఉంటుంది, ఒక వారం చీమలు పాకినట్టు. తల వంచితే మెడ నుంచి మడమల దాకా ఒళ్ళు జలదరిస్తుంది. ఎండలో పది అడుగులు వేస్తే కూలబడతాను. ఇవన్నీ ఓర్చుకుంటాను. ఓర్చుకోలేనిది చప్పుడు. ఇత్తడి చెంబు బండ మీద పడితే ఆ శబ్దం చెవిలో ఆగదు, పళ్ళలోకి, కళ్ళ వెనక్కు పోతుంది. రెండు చప్పుళ్ళు కలిస్తే ఎదుటివాళ్ళ మాట అర్థం కాదు. మూడు కలిస్తే ఎక్కడున్నానో తెలియదు, అది ఆగడానికి ఏమడిగినా ఇచ్చేయాలనిపిస్తుంది. చిక్కబళ్ళాపురం డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూసి, నరాల్లో ఏదో ఉంది, నాకు అంతు చిక్కలేదు అన్నాడు. ఆయన ఒక్కడే నిజం చెప్పాడు.

"అన్నకు పళ్ళెం మెల్లిగా పెట్టండమ్మా, దొరగారు ఉలిక్కిపడతారు" అనేవాడు రామాంజినప్ప. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకొని, నా మొహం ఎలా ముడుచుకుపోతుందో చేసి చూపించేవాడు. ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నా భార్య మునివెంకటమ్మ కూడా ఒకసారి నవ్వింది. అది మరిచిపోలేదు.

నాకు సరిపడిన చోటు ఒక్కటే, మా మల్బరీ తోటలో పట్టుపురుగుల ఇల్లు. అక్కడ ఎవరూ అరవకూడదు, బయటివాళ్ళు రాకూడదు. చీకటిగా, చల్లగా ఉంటుంది. కూర్చొని ఆకు తరగవచ్చు, తట్టల్లో పరచవచ్చు. పురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మాని కదలకుండా పడుకుంటుంది. దాన్ని జ్వరం అంటాం. నాలుగో జ్వరం నుంచి లేచాక వేల పురుగులు ఒక్కసారి ఆకు కొరుకుతుంటే, కప్పు మీద సన్నని వాన పడినట్టు వినబడుతుంది. నన్ను నొప్పించని చప్పుడు అది. పదకొండేళ్ళు ఆ పని చేశాను. యుద్ధం వచ్చి, విమానాల గొడుగులకు పట్టు కావలసి, పట్టుగూళ్ళ ధర పెరిగేదాకా ఆ తోట వైపు ఎవరూ చూడలేదు.

మారెమ్మ జాతరకు చుట్టాలు బాగేపల్లి నుంచి, చింతామణి నుంచి వచ్చారు. "అందరూ ఉండారు కదా, ఈ పొద్దే భూమి పాలు తేల్చేద్దాం" అన్నాడు తమ్ముడు. పంపకానికి పెద్దమనిషి మా మేనమామ కొండప్ప, చింతామణి ఆయన. పొద్దున్నే ఆయనతో చెప్పుకున్నాను.

"ఆ పైచేను మెట్ట నాకొద్దు మామా. ఎండలో నిలబడలేను. తోట ఇప్పించు."

"చూద్దాంలేప్పా" అన్నాడు.

అరుగు మీద కూర్చున్నాం. ఊరి లెక్కలు రాసే శానుభోగులు పత్రం రాస్తున్నాడు. అప్పుడు ఊరేగింపు మా వీధిలోకి తిరిగింది. ఆరు తమటె డప్పులు, ఒక కొమ్ము, వెనక మేకలు, పిల్లలు. మా గోడ ముందరే నిలబడి వాయించారు. కొండప్ప మామ నా వైపు వంగి ఏదో అడిగాడు. పెదవులు కదలడం కనబడింది, అంతే. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకొని "సాలు, సాలు" అన్నాను.

ఆయన అడిగింది "పైచేను మూడెకరాలు నీకు సాలునా" అని.

పత్రం నా ముందుకు వచ్చింది. నేను చదివింది రెండో తరగతి. నిశ్శబ్దంలోనే కూడబలుక్కుంటాను. సంతకం పెడితే లోపలికి పోనిస్తారని పెట్టాను. రామాంజినప్ప నా మొహం చూశాడు. ఊరందరికీ చేసి చూపించిన మొహమే అది. అన్నకు వినబడలేదు మామా, అని ఒక్క మాట అనలేదు. తల దించుకొని పత్రం వైపు చూశాడు.

మరునాడు మామ మూట కట్టుకుంటుంటే పోయాను.

"నేను సాలన్నది తమటెకు మామా."

"తమటెకైతే వీధిలోకి పోయి చెప్పాల కదప్పా. మాకు చెప్తివి, మేము రాసుకుంటిమి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"మళ్ళీ ఒకసారి కూర్చుందాం."

"ఏమప్పా, ఎక్కువ పాలు నీకొచ్చినా ఏడుస్తావా? తోట బావిలో నీళ్ళు తోడాలంటే ఎద్దుల వెనకాల పొద్దంతా నడవాల. నీ కాళ్ళకు అయితాదా?"

ఆయన మూట నేనే ఎత్తి చేతికిచ్చాను.

సాయంత్రం తమ్ముడు వచ్చి, "నేను నిన్ను తోటలోకి రావద్దంటినా అన్నా? ఎప్పుడైనా రా, కూర్చో" అన్నాడు. అంత తేలిగ్గా ఇవ్వగలగడం చూసి కూడా ఓర్వలేకపోయాను. ఐదు నెలలు అటు పోలేదు.

కార్తీకంలో పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయని తెలిసింది. ఆగలేక పోయాను. గోడకు ఆనుకొని కళ్ళు మూసుకున్నాను. అన్ని తట్టల్లోనూ వాన. తమ్ముడు ఆకు గంప దించి నా దగ్గరికి వచ్చాడు.

"ఏం చేస్తాండావన్నా?"

"వాన వింటాండాను."

"యాడ వాన? బయట ఎండ కాస్తాండాది."

"పురుగులు తినే చప్పుడురా."

వాడు తల పక్కకు వంచి నిజంగానే విన్నాడు. నొసలు ముడిపడింది.

"నాకేం వినపడలేదే. యీడ ఏం చప్పుడుండాది? అందుకే ఈ ఇంట్లో నాకు పొద్దే పోదు."

బయటికి పోయి, ఎద్దులను అదిలిస్తూ పాట ఎత్తుకున్నాడు. ఆ గొంతు గోడ దాటి వచ్చి వానను చెరిపేసింది. చెవులు మూసుకున్నాను. వాడి చెవులను చూసి ఇన్నేళ్ళు అసూయపడ్డాను. ఆ వాన వినబడని చెవులవి. అయినా తోట వాటికే పోయింది. బావి, పురుగుల ఇల్లు కలుపుకొని ఒక ఎకరా పద్నాలుగు గుంటలు.