ఊపిరి తర్వాతి మాట

గోరువెచ్చటి నీళ్ల కింద టోపీని బోర్లించి, పాత పళ్లబ్రష్షుతో ఒక్కొక్క తీగ కొననీ రుద్దుతూ అంటుకున్న జెల్లుని వదిలిస్తోంది టోపీపిన్ని. పిల్లల షాంపూ నురగ మోచేతుల దాకా పాకింది. ఒక బుడగ ముక్కు మీద వాలి చిట్లితే తనలో తనే నవ్వుకుంది. యాభై దాటాక పెళ్లి చేసుకున్న మనిషికి బుడగలు కూడా ముద్దొస్తాయి కాబోలు.

ఆ ప్రయోగశాలలో ఆమె పని తలలకి టోపీలు తొడగడం, తీసినవి కడిగి తెల్లటి స్పాంజి తలకాయ మీద ఆరబెట్టడం. మెదడులో పుట్టే చిన్నచిన్న కరెంటుని, జెల్లు పూసిన ఆ టోపీ తీగలు పట్టుకుంటాయి. తెర మీద బాణం కనబడితే మీట నొక్కాలి. ‘ఆగు’ అని వినబడితే దిగబోయే వేలిని ఆపుకోవాలి. మొదలెట్టిన పనిని మనసు ఎలా ఆపుకుంటుంది, లేని గొంతులు వినబడే స్కిజోఫ్రీనియా జబ్బు ఉన్నవాళ్లకి అది ఎందుకంత కష్టమవుతుంది అన్నది డాక్టరమ్మ పరిశోధన. ఆ ‘ఆగు’ పిన్ని గొంతే. ఎప్పుడో మరెవరూ దొరక్క ఆమెచేత అనిపించి రికార్డు చేశారు. కొత్త మొగుడికి ఈ సంగతి తెలిసినప్పట్నుంచీ ఇంట్లో వేళాకోళమే. రాత్రి ఆమె ‘ఆగు’ అందంటే చాలు, గురక పెట్టే తన ముక్కు కూడా నోరు మూసుకుంటుందట.

ఇవాళ్టి నుంచి ఆ గొంతుకి సెలవు. మాటకి ముందు ఆమె చిన్నగా ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా రికార్డులో పడింది. జనం మాట వినే దాకా ఉండకుండా ఆ ఊపిరికే ఆగిపోతున్నారని తేలి, లెక్కలన్నీ తలకిందులయ్యాయి. ఇకమీదట బీప్ చప్పుడే. డాక్టరమ్మ నొచ్చుకుంటూనే చెప్పింది. పిన్నికీ న్యాయంగానే తోచింది.

ఒప్పుకోనిది ఒక్కడే. నెలనెలా వచ్చే ఆ పేషంటుని అందరూ పొడుగాయన అంటారు. పొద్దున టోపీ తొడుగుతుంటే అతను మెల్లిగా అన్నాడు.

“నాకు వినబడేవాళ్లు మేడ మీంచి దూకమంటారు పిన్నిగారూ. అప్పుడు మీరు ఊపిరి తీసుకుంటారు. దాంతో కాలు ఆగిపోతుంది. ‘ఆగు’ వినిపించే ఆ పెట్టెలోంచి మిమ్మల్ని తీసేస్తే, ఇక్కణ్ణుంచి కూడా పోతారేమో.” కణత మీద వేలు పెట్టి చూపించాడు.

ఊపిరి సంగతి అతనికెవరూ చెప్పలేదు.

“నేనెక్కడికి పోతాను నాయనా. గోడవతల సింకు దగ్గరే ఉంటా.”

డాక్టరమ్మ చెవిన వేస్తే, ప్రయోగం కాగానే అతని వైద్యుడితో మాట్లాడతానంది.

గోడకున్న దళసరి గాజులోంచి ఇప్పుడు పొడుగాయన కనిపిస్తున్నాడు. చప్పుడు మాత్రం అటూ ఇటూ దాటదు. బీప్ మోగినప్పుడల్లా ఎర్రదీపం వెలుగుతోంది, అతని వేలు మాత్రం దిగుతూనే ఉంది. దిగిన ప్రతిసారీ గాజు కేసి చూస్తున్నాడు. పిన్నికి పొద్దుట్నుంచీ ఎడమ భుజం లాగుతోంది. బకెట్టు ఎత్తడం వల్లేమో అనుకుంది. ఆ నొప్పి ఇప్పుడు దవడకి ఎక్కింది. కడిగిన టోపీని స్పాంజి తలకి తొడిగి, స్టూలు మీద కూలబడింది. మళ్లీ దీపం వెలిగింది. వేలు కదిలింది. వినబడదని తెలిసీ ఉండబట్టలేక, నోరు తెరిచి గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

అవతల పొడుగాయన వేలు మీటకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. దీపం ఆరిపోయింది. బాణాలు వచ్చి పోతున్నాయి. వేలు అక్కడే ఉంది. ఏమైందని డాక్టరమ్మ మైకులో అడిగింది.

“పిన్నిగారు ఊపిరి తీసుకున్నారు. మాట ఇంకా అనలేదు.”

ఆ గొంతు తీసేశాం కదా అంది ఆవిడ నెమ్మదిగా.

“పెట్టెలోంచి కాదండీ. ఆవిణ్ణి చెప్పనివ్వండి. ఆగే ఉన్నాను.”

డాక్టరమ్మ లేచి సింకున్న గదిలోకి వెళ్లింది. కుళాయి పారుతోంది. పిన్ని గోడకి ఆనుకుని, పెదాలు కొంచెం విడివడి, ఎవరినో పిలవబోతున్నట్టే ఉంది. నాడి లేదు.

మధ్యాహ్నానికి మొగుడు వచ్చాడు. ఆమె మోచేతి మీద ఎండిన నురగ చారని బొటనవేలితో తుడిచి, ఆ వేలిని మూసిన గుప్పిట్లో దాచుకున్నాడు. పొడుగాయన్ని అతని వైద్యుడు భుజం పట్టుకుని తీసుకెళ్తుంటే, చూపుడువేలు ఇంకా గాల్లో అలాగే నిలిపి నడిచాడు.

సింకు పక్కన స్పాంజి తలకాయ మీద టోపీ ఆరుతోంది. ఆఖరి తీగ కొన దగ్గర ఒక నీటిచుక్క రాలబోయి, రాలకుండా వేలాడుతోంది.